తువ్వాలు కింద బేరం

దేవేంద్ర తన ఇరవై తొమ్మిదేళ్లలో ఏ వస్తువునూ మెచ్చుకుని కొనలేదు, దేన్నీ తిట్టి అమ్మలేదు. కొనేటప్పుడు వంకలు పెట్టాలి, అమ్మేటప్పుడు ఆకాశానికెత్తాలి. హిందూపురం బజారులో పాత గిటార్ల అంగడి పెట్టి ఆరేళ్లు నెట్టుకొచ్చాడంటే ఈ రెండు ముక్కల చదువుతోనే.

అతని అసలు సరుకు జపాన్ గిటార్లు. యాభై ఏళ్ల కిందట అక్కడ ఒకే ఫ్యాక్టరీలో తయారైన గిటారుకు పదిమంది వ్యాపారులు పది పేర్లు అంటించి పది దేశాల్లో అమ్ముకున్నారు. కొన్నింటికి అసలు పేరే పెట్టలేదు. ఇప్పుడు వాటి కోసం బెంగళూరులో పడి చచ్చేవాళ్లున్నారు. వాళ్లలో సగం మందికి వాయించడం రాదు. గోడకు తగిలించి, దాని ముందు నిలబడి, వెనకవైపు స్క్రూల గురించి రెండు గంటలు మాట్లాడుకుంటారు. దేవేంద్రకూ వాయించడం రాదు. కానీ ఏ స్క్రూ ఏ కాలానిదో చీకట్లో తడిమి చెప్పగలడు. వాయించడం వచ్చినవాళ్లు అప్పటికే చాలామంది ఆకలితో ఉన్నారు కాబట్టి, ఆ విద్య నేర్చుకోకపోవడమే లాభమని లెక్కేసుకున్నాడు.

శ్రావణమాసంలో ఒక ఉదయం అతను హిందూపురంలో ధర్మవరం వైపు పోయే ప్యాసింజరు ఎక్కాడు. వెంట ఒక గిటారు పెట్టె. దాన్ని పక్క సీట్లో కూర్చోబెట్టి మీద తన తువ్వాలు పరిచాడు. మన రైళ్లలో తువ్వాలు పరిచాక ఇక అడిగేవాడుండడు.

పెనుకొండలో అడిగే మనిషి ఎక్కింది. బయట తుంపర పడుతోంది. భుజాన బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బా, జడ చివర నాలుగు చినుకులు.

"ఈడ ఎవరన్నా ఉండారా అన్నా?"

"ఉండారు."

"యాడ?"

దేవేంద్ర పెట్టెను చూపించాడు. "డెబ్బై నాలుగులో పుట్టింది మేడమ్. జపాను. మన ఇద్దరికన్నా పెద్దది. నిలబెడితే బాగుండదు."

"పెద్దాయనకు టికెట్టు తీసుకున్నావా?"

"లేదు."

"అయితే ఒళ్లో కూర్చోబెట్టుకో."

తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి అతని చేతికిచ్చి, పెట్టెను అతని ఒళ్లోకి జరిపి, ఆమె కూర్చుంది. దేవేంద్ర ఆ నిమిషానికి తన నష్టం లెక్క వేసుకున్నాడు. ఒకటి, సీటు. రెండోది, ఆ 'అన్నా'. సీటు పోయినందుకు అతనికి పెద్దగా బాధ కలగలేదు.

రైలు కదిలాక ఆమె పెట్టెలో ఏముందో చూపించమంది. చూపించాడు. ఎవరైనా ముందు గిటారు ముఖం చూస్తారు. మెరుపు చూస్తారు, తీగలు మీటుతారు. ఈ అమ్మాయి దాన్ని బోర్లా తిప్పింది. గిటారు మెడ, అంటే నెక్, బాడీతో కలిసేచోట నాలుగు స్క్రూలున్న ఇనుప ప్లేటు మీద వేలు పెట్టి, అంచుల వెంబడి చెక్క పొరలు చూసింది. దేవేంద్రకు ఒళ్లు ఝల్లుమంది. ఆరేళ్లలో అలా చూసిన మనిషి తగల్లేదు.

"గిటార్ల పని తెలుసా?"

"చీరల పని తెలుసు." ఆమె ధర్మవరంలో ఒక పట్టుచీరల షోరూములో సరుకు తనిఖీ చేస్తుందట. మగ్గం చీరో, మిషన్ చీరో చూసి చెప్పడమే ఉద్యోగం. "చీర ముందరి పక్క కొనేటోళ్లు చూస్తారు. వెనక పక్క మేం చూస్తాం. అబద్ధమంతా ముందరే ఉంటాది."

బ్యాగులోంచి పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం తీసి గిటారు తలమీద ఆనించింది. అక్కడ ఒక పెద్ద కంపెనీ పేరు బంగారు అక్షరాల్లో మెరుస్తోంది.

"కింద చెక్క రంగు పండిపోయుండాది. పేరు మాత్రం నిన్న కొన్నట్టుండాది. ఇది తర్వాత అంటించిన పేరు."

"నేను అంటించలేదు."

"పీకనూ లేదు కదా."

దాని అసలు పేరేమిటని ఆమె అడిగింది. అసలు పేరంటూ లేదని, ఇలాంటివాటికి చాలావాటికి ఉండదని చెప్పాడు. "పాపం," అంది ఆమె, చెక్కను నిమురుతూ. గిటారును చూసి జాలిపడే మనిషినీ అతను మొదటిసారి చూశాడు.

తర్వాత మాటల్లో మాటగా తన పేరు మంజుల అని, నాయన తిరుపాల్ ఒకప్పుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించేవాడని, ఇలాంటిదే నాలుగు తీగలదొకటి, లావుగా మోగేది, ఇంట్లో గోడకు ఉందని చెప్పింది. దాని వెనక కూడా ఇలాంటి ఇనుప ప్లేటే ఉందట.

నాలుగు తీగలంటే బేస్ గిటారు. జపాన్ బేస్‌లు గిటార్ల కన్నా తక్కువ దొరుకుతాయి. దేవేంద్ర గుండె రైలు కన్నా ముందు పరుగెత్తింది. వెంటనే పెద్దగా ఆవలించాడు. "ఆ పాత కట్టెలు ఇప్పుడు ఎవరికి కావల్ల మేడమ్? పొయ్యిలోకి కూడా పనికిరావు."

మంజుల అతని ముఖం కేసి చూసింది. "ఆవలింత వస్తే నోరు తెరుచుకుంటాది గానీ, చెవులు నిక్కబొడుచుకోవన్నా. అమ్ముతామని చెప్పకముందే రేటు దించుతాండావే?"

ధర్మవరంలో ఇద్దరూ దిగారు. ఇద్దరూ ఒకే దారి పట్టారు. ఒకే వీధి తిరిగారు. ఒకే షోరూము ముందు ఆగారు. అప్పటికి గాని దేవేంద్రకు అర్థం కాలేదు, తాను గిటారు చూపించబోయే వెంకటరాముడు ఆమె ఓనరేనని.

వెంకటరాముడు దసరాకు పై అంతస్తులో పెళ్లిచీరల విభాగం తెరుస్తున్నాడు. పెళ్లికూతుళ్లు చీర కట్టుకుని ఫోటో దిగడానికి ఒక మూల, ఆ మూలలో ఒక పాత ఫారిన్ గిటారు ఉండాలని బెంగళూరు నుంచి వచ్చిన డిజైనరు చెప్పాడట. చీరకూ గిటారుకూ సంబంధమేమిటని వెంకటరాముడు అడిగితే, అదే కాన్సెప్ట్ అన్నాడట. తలమీది బంగారు అక్షరాలు చూసి వెంకటరాముడు తృప్తిగా తలూపాడు. నవరాత్రి మొదటి రోజు తెచ్చివ్వమని, అప్పుడే దుడ్లు ఇస్తానని చెప్పాడు.

మంజుల ఆ పక్కనే చీర మడతలు విప్పుతోంది. దేవేంద్ర బయటికి వస్తూ ఆమె వైపు భయంగా చూశాడు.

"నన్ను చీరలకు పెట్టుకున్నారు, గిటార్లకు కాదు," అంది ఆమె తలెత్తకుండా. "చెప్పాలంటే నువ్వే చెప్పాల."

*

ఆ ఆదివారమే అతను పెనుకొండకు వెళ్లాడు. కోట కొండ కింది వీధిలో తిరుపాల్ ఇల్లు. ముందు గదిలో గోడమీద బేస్ గిటారు చిలకపచ్చ రంగులో, పసుపు కుంకుమ బొట్లతో, ఎండిన బంతిపూల దండతో వేలాడుతోంది. దాన్ని చూస్తే, పాత గిటార్లు పోగుచేసే బెంగళూరు కలెక్టరెవడైనా అక్కడే కళ్లు తిరిగి పడిపోయేవాడు.

సంగతేమిటంటే, తిరుపాల్ ఆర్కెస్ట్రా లేని రోజుల్లో అంగళ్లకు బోర్డులు రాసేవాడు. ప్రతి ఆయుధ పూజకూ బండి, నిచ్చెన, కుంచెలు కడిగి బొట్టు పెట్టినట్టే, ఈ బేస్‌ను కూడా కడిగి, ఆ యేడు మిగిలిన బోర్డు పెయింటు ఒక కోటింగు వేసి, బొట్టు పెట్టి, దండ వేసేవాడు. డీజేలు వచ్చి ఆర్కెస్ట్రా పోయింది. ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు పోయాయి. కోటింగు మాత్రం ఒక్క యేడూ తప్పలేదు. ముప్పై ఏళ్లకు పైగా ముప్పైకి పైగా కోటింగులు. వాయిద్యం లావెక్కి మూగదైపోయింది.

దేవేంద్ర దాన్ని దించి ఒళ్లో పెట్టుకున్నాడు. వెనక ప్లేటు మీద గోరుతో గీకితే రంగు పెచ్చు లేచి 'జపాన్' అనే అక్షరాల అచ్చు బయటపడింది. నెక్ పైకొసన, తీగలు ఆనేచోటే, మామూలుగా ఉండని ఒక కమ్మీ అదనంగా ఉంది. అది ఆ కాలపు జపాన్ పనితనానికి గుర్తు. దేవేంద్ర లోపల పండగ. నోరు మాత్రం దాని పని అది చేసుకుపోయింది.

"నెక్ వంగుండాది మామా. చెక్క కూడా ఒంటి చెక్క కాదు, అతుకులు. తీగలు బిగించే ఈ చెవులు తుప్పు. రంగు సంగతి చెప్పేపనే లేదు. ఎవరన్నా కొన్నా జాలిపడి కొనాల్సిందే."

తిరుపాల్ ముఖం వాడిపోయింది. అమ్మే ఉద్దేశం తనకు లేదని మెల్లగా చెప్పాడు.

మూలన మంచం మీద ఆయన తల్లి నల్లమ్మ వక్కాకు నములుతోంది. గొర్రెలు కాచిన మనిషి. ఆమె ఇదంతా చూసి, ఆ వాయిద్యం కథ తానే చెప్పింది. బెంగళూరులో ఒక హోటల్ బ్యాండువాడు అమ్ముతున్నాడని కొడుకు మూడు రోజులు అన్నం మానేస్తే, గోరంట్ల సంతకు ఎనిమిది పొట్టేళ్లను తోలుకుపోయి అమ్మి కొనిచ్చిందట. ఆ సంతలో బేరం ఎట్లా జరిగేదో కూడా చెప్పింది. కొనేవాడు, అమ్మేవాడు ఒకరి చేయి ఒకరు పట్టుకుంటారు. మీద తువ్వాలు కప్పుతారు. రేటు వేళ్లతోనే. ఒక వేలు పట్టుకుంటే ఒక లెక్క, చెయ్యంతా పట్టుకుంటే ఐదు.

"పైన నోరు వంకలు పెడతానే ఉంటాది. కుంటి పొట్టేలంటాడు, గుడ్డి పొట్టేలంటాడు. అదంతా చుట్టూ ఉండే జనం కోసరం. తువ్వాలు కిందిదే నిజం." వక్కాకు పక్కకు తోసి అడిగింది. "నువ్వు వంకలు పెట్టినంత సేపూ నీ చేతులు యాడుండాయి నాయనా?"

దేవేంద్ర కిందికి చూసుకున్నాడు. తన రెండు చేతులూ బేస్ మెడను పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాయి. వాకిట్లో నిలబడిన మంజుల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు అతను జీవితంలో మొదటిసారి ఉచితంగా ఒక మాట అన్నాడు. బేస్‌ను మళ్లీ మోగేట్టు బాగుచేసిస్తాను, కూలి వద్దు, రంగు కింద అసలు అది ఏ కాలానిదో తెలుసుకుంటే చాలు అన్నాడు. మోగుతుందనేసరికి తిరుపాల్ కళ్లు తడిశాయి. సరేనన్నాడు.

*

తర్వాత ఆరు ఆదివారాలు గీకుడే పని. దేవేంద్ర బ్లేడుతో పొర లేపుతాడు, మంజుల భూతద్దం పెట్టి చూస్తుంది, తిరుపాల్ ఆ రంగు ఏ అంగడి బోర్డుదో చెబుతాడు. చిలకపచ్చ ఎరువుల అంగడిది. దాని కింద కావి రంగు ఒక మిలిటరీ హోటలుది. ఆ కింద నీలం ఒక ట్యూషన్ సెంటరుది; దాని ఓనరు దుడ్లివ్వకుండా ఊరొదిలాడు కాబట్టి ఆ యేడు రెండు కోటింగులు పడ్డాయి. పెనుకొండ బజారు చరిత్ర అంతా ఆ బేస్ పొట్టమీద పొరలు పొరలుగా ఉంది.

ఇద్దరి తలలూ ఒకే భూతద్దం మీద వంగేవి. వాన పడితే వాకిలి నుంచి లోపలికి, లోపల కరెంటు పోతే మళ్లీ వాకిట్లోకి జరిగేవారు. ఆమె అతన్ని ఆటపట్టించేది. వాయించడం రాకుండా గిటార్లు అమ్మడం, పళ్లు లేనివాడు చెరుకులు అమ్మినట్టుందని అనేది. కట్టుకోని చీరలు రోజుకు వంద తనిఖీ చేసేవాళ్లు ఆ మాట అనకూడదని అతను అనేవాడు. మూడో ఆదివారం ఆమె చెయ్యి చాచి, "ఏమప్పా, ఆ బ్లేడు ఇట్లియ్యి," అంది. దేవేంద్ర బ్లేడు ఇచ్చి, రైలెక్కాక గాని ఆ మాటలో ఏమి పోయిందో గమనించలేదు. 'అన్నా' పోయింది. హిందూపురం చేరేదాకా ఆ లాభాన్ని ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నాడో.

ఐదో ఆదివారం వెనకవైపు అడుగు రంగు బయటపడింది. అంచుల్లో ముదురు గోధుమ, నడిమికి వచ్చేసరికి తేనె. నెక్ విప్పితే, దాని కింద ఎవరో జపాన్ పనివాడు పెన్సిలుతో రాసిన అంకెలు, ఒక చిన్న గుండ్రటి ఎర్ర ముద్ర. ఆ ముద్ర చూసి దేవేంద్ర అది డెబ్బైల నడుమ కాలపుదని తేల్చాడు. తనిఖీ చేసినవాళ్ల ముద్ర అని చెబితే, మంజుల దాన్ని చాలాసేపు చూసింది. తానూ రోజూ చీర కొసన అలాంటి ముద్రే వేస్తుంది. యాభై ఏళ్ల కిందట ఆ దేశంలో తనలాంటి మనిషొకరు దీన్ని వెనక్కి తిప్పి చూసి సరే అన్నారన్నమాట.

ఆఖరికి తల గీకారు. అక్కడ ఏ పేరూ లేదు. అంటించిన గుర్తు కూడా లేదు.

దేవేంద్ర నిట్టూర్చాడు. పేరుంటే రేటు వేరు.

"ఏం ఫర్వాలేదు," అంది మంజుల. "వెనక బాగుండాది."

ఆ రోజు తిరుగు రైల్లో అతనికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ బేస్ రేటెంతని ఇంతవరకూ అడగనే లేదు.

ఆరో ఆదివారం తీగలు బిగించి, వైర్లు అతికించి, అరువు తెచ్చిన స్పీకరుకు తగిలించారు. తిరుపాల్ ఒక్క తీగ మీటాడు. గోడమీది సామాను కదిలింది. నల్లమ్మ వక్కాకు నమలడం ఆపింది. ఎనిమిది పొట్టేళ్లూ ఒక్కసారి తిరిగొచ్చి వాకిట్లో నిలబడ్డట్టు, ఆ ముసలామె ముఖం వెలిగింది.

ఆ సంతోషంలోనే తిరుపాల్ అడగాల్సింది అడిగేశాడు. ఇన్నాళ్లుగా ఆదివారం ఆదివారం వచ్చే హిందూపురం పిల్లోడెవరని వీధిలో అడుగుతున్నారట. "దాపరికం ఎందుకప్పా. మా పాప నీకు నచ్చినట్లుండాది. నీ మనసులో ఏముందో చెప్పు."

దేవేంద్ర జీవితంలో ఇంత గట్టిగా దేన్నీ కోరుకోలేదు. అదే కొంప ముంచింది. ఎంత గట్టిగా కావాలనిపిస్తే అంత గట్టిగా వంకలు పెట్టడానికి అలవాటు పడిన నోరు అది.

"ఏముందిలే మామా," అన్నాడు. "మాట కొంచెం దురుసు. ఇంకో రెండంగుళాలు పొడుగుంటే బాగుండేది. ఆ భూతద్దంలో చూసి చూసి, నాలుగేండ్లు పోతే కండ్లజోడు గ్యారంటీ." ఇక్కడికి ఆగినా బతికిపోయేవాడు. "అయినా, చూద్దాం."

మంజుల వంటింటి గుమ్మంలో పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. అందులో నాలుగు గ్లాసుల కాఫీ. ఒకటి నాయనకిచ్చింది. ఒకటి అవ్వకిచ్చింది. ఒకటి తాను తాగింది. నాలుగోది తీసుకుపోయి కరివేపాకు చెట్టుకు పోసింది.

"రైలుకు టైమయింది అన్నా," అంది.

దేవేంద్రకు బాధ కాఫీ పోయినందుకు కాదు, ఆ 'అన్నా' తిరిగొచ్చినందుకు. తిరుపాల్ బేస్‌ను తీసి గోడకు తగిలించి, ముఖం అటు తిప్పుకున్నాడు.

*

ఆ రాత్రంతా కష్టపడి అతను ఆమెకు ఫోనులో ఒక సందేశం రాశాడు. నీలాంటిది ఇంకొకటి దొరకదు, అరుదైన మనిషివి, ఏ లోపమూ లేదు, చూసినవాళ్లు వదలరు అని రాశాడు. పొద్దున జవాబొచ్చింది. అతని అంగడి పేజీలోంచి ఒక ఫోటో. మెడ విరిగిన గిటారొకటి, కింద అతను రాసిన మాటలే. ఇంకొకటి దొరకదు, అరుదైనది, ఏ లోపమూ లేదు, చూసినవాళ్లు వదలరు.

దాని కింద ఒక్క ముక్క: "ఇది ఇంకా అమ్ముడుపోలేదు కదా?"

దేవేంద్ర తల పట్టుకున్నాడు. తిడితే కొనే మాట, పొగిడితే అమ్మే మాట. ఆరేళ్లలో అతను కూడబెట్టిన మాటలన్నీ ఈ రెండు డబ్బాల్లోనే ఉన్నాయి. మనసులో ఉన్నది చెప్పడానికి మూడో డబ్బా లేదు.

నవరాత్రి మొదటి రోజు గిటారు పట్టుకుని ధర్మవరం పోయాడు. షోరూము పై అంతస్తు అరటి పిలకలతో, అత్తరు వాసనతో వెలిగిపోతోంది. వెంకటరాముడు చుట్టూ నలుగురిని పోగేసి గిటారును ఎత్తి చూపించాడు. కౌంటరు దగ్గర మంజుల చీరమీద భూతద్దం పెట్టుకుని ఉంది. తలెత్తలేదు. కానీ భూతద్దం జరగడం లేదు.

"పెద్ద కంపెనీదే కదప్పా?" అన్నాడు వెంకటరాముడు. "అందరూ వింటాండారు, చెప్పు."

తలూపితే చాలు. ఆ ఒక్క తలూపుకు మూడు నెలల అంగడి బాడుగ వచ్చిపడుతుంది. దేవేంద్ర గిటారును చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలి గోటితో బంగారు అక్షరాల అంచు లేపి, చర్రున పీకేశాడు.

"ఈ పేరు దీనిది కాదు సార్. ఎవరో అంటించినారు. నాకు ముందే తెలుసు. దీనికి అసలు పేరే లేదు. చెక్క అతుకులది. ఒక స్క్రూ కొత్తది, నేనే వేసినా." గిటారును బోర్లా తిప్పాడు. "కానీ యాభై ఏండ్లయినా నెక్ గీత గీసినట్టుండాది. చేసినోడు వెనక పక్క కూడా ముందర పక్కలాగే నునుపు చేసినాడు, ఎవరూ చూడరని తెలిసి కూడా. ఇట్లాంటిది నా చేతికి ఎప్పుడో గాని రాదు. మీరు తీసుకోకపోతే నేనే పెట్టుకుంటా."

ఒకే వస్తువు మంచీ చెడ్డా ఒకే గుక్కలో చెప్పడం అతనికి అదే మొదలు. చెప్పాక, చొక్కా వెనకంతా చెమటతో తడిసింది.

వెంకటరాముడు జాలిగా చూశాడు. "పేరు లేకపోతే ఫోటోలో ఏం కనబడుతాదప్పా?" అని, మనిషిని పంపి ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ అంగట్లోంచి పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలున్న ప్లాస్టిక్ గిటారు తెప్పించాడు. డిజైనరు దాన్ని చూసి, ఇదే కాన్సెప్ట్ అన్నాడు.

దేవేంద్ర పెట్టె మూసి మెట్లు దిగుతుంటే వెనకనుంచి మంజుల గొంతు వినిపించింది. చీరతోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"ఆయుధ పూజకు నాయన కొత్త పెయింటు డబ్బా తెచ్చిపెట్టుకున్నాడు. బేస్‌కు మళ్లీ వేస్తాడంట. ఆపేటోళ్లు ఎవరన్నా ఉంటే రావచ్చు."

చివర 'అన్నా' వస్తుందేమోనని దేవేంద్ర మెట్టుమీదే ఊపిరి బిగబట్టి ఆగాడు. రాలేదు.

*

ఆయుధ పూజ నాడు తిరుపాల్ వాకిట్లో బండి, నిచ్చెన, కుంచెలు, వంటింటి కత్తిపీట, మంజుల భూతద్దం వరసగా పేర్చి ఉన్నాయి. అన్నింటికీ పసుపు కుంకుమ బొట్లు. చివర పీటమీద బేస్, తేనె రంగులో మెరుస్తూ. దాని పక్కన నారింజ రంగు డబ్బా మూత తెరిచి, కుంచె ముంచి పట్టుకున్న తిరుపాల్. దేవేంద్రను చూసి పలకరించలేదు.

దేవేంద్ర నోరు తెరవబోయి ఆగాడు. ఆ పాత రంగు మీద ఇంకో కోటింగు పడితే ఆరు ఆదివారాలు మట్టిలో కలుస్తాయి. బెంగళూరు రేటు నీళ్లలో కలుస్తుంది. కానీ ఎదురుగా ఉన్నది, పాట పోయి, బోర్డులు పోయి, ఏడాదికి ఒక్కసారి కుంచె పట్టుకునే మనిషి. ఆ కుంచెను ఎలా దించమంటాడు?

"బాడీకి వద్దు మామా," అన్నాడు. "తలకాయ ఖాళీగా ఉండాది చూడు. వాళ్లు పేరు పెట్టకుండానే పంపించినారు. నువ్వు బోర్డులు రాసినోడివి కదా, పేరు రాయి."

అలా రాస్తే కలెక్టరెవడూ ఇక దాన్ని ముట్టుకోడని దేవేంద్రకు తెలుసు. మంజులకూ తెలుసు; ఆరు ఆదివారాలు అతని పాఠాలు విన్నది. ఆమె డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. తిరుపాల్ కాసేపు ఆలోచించి, సన్న కుంచె మార్చి, బేస్ తలమీద గుండ్రటి తెలుగు అక్షరాల్లో 'నల్లమ్మ' అని రాశాడు. అంతసేపూ దేవేంద్ర డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

చదువురాని ముసలామెకు అదేమిటో మనవరాలు చదివి చెప్పింది. నల్లమ్మ ముక్కు చీదుకుని, దేవేంద్రను దగ్గరికి పిలిచింది.

"ఇప్పుడు చెప్పు నాయనా. మా పాప ఎట్లుండాది?"

దేవేంద్ర గొంతు సవరించుకున్నాడు. తిరుపాల్ కుంచె గాల్లో ఆగింది.

"నోరు వద్దు," అంది నల్లమ్మ. "నీ నోటి సంగతి చూసినాం."

అతని భుజం మీది తువ్వాలు లాగింది. మంజుల చేయి పట్టి తెచ్చి అతని చేతిమీద పెట్టి, తువ్వాలు కప్పేసింది. రైల్లో సీటు కాచిన తువ్వాలే అది.

తువ్వాలు కింద అతను ఆమె ఒక వేలు పట్టుకున్నాడు. ఆమె కదల్లేదు. రెండు పట్టుకున్నాడు, మూడు పట్టుకున్నాడు. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని, సంతలో బెట్టు చేసే అమ్మకందారులాగా బండి వైపు చూస్తోంది. ఐదు వేళ్లూ పట్టుకున్నాడు. పెదవి విరిచింది. రెండో చేయి కూడా తువ్వాలు కిందికి దూర్చి, ఆమె చెయ్యంతా రెండు చేతులతో మూసేశాడు.

"ఇంక నా దగ్గర లేవు," అన్నాడు చిన్నగా.

"కాళ్ల వేళ్లు లెక్కకు రావా?" అంది ఆమె, ఇంకా చిన్నగా. కానీ చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు. తిరిగి గట్టిగా పట్టుకుంది.

తిరుపాల్ ఆగలేకపోయాడు. "ఎంతకు తెగిందమ్మా?"

"తువ్వాలు కింది మాట పైకి చెప్పేది లేదు," అంది నల్లమ్మ, వక్కాకు నోట్లో వేసుకుంటూ.

తిరుపాల్ కుంచె గుడ్డతో తుడిచాడు. దేవేంద్రను కాలి నుంచి తల దాకా, గోడమీద కొత్త బోర్డును చూసినట్టు, ఒకసారి చూశాడు.

"వాయించేది రాదు," అన్నాడు. "గిటారుకు పేరుంటే పీకేస్తాడు, కొనేటోళ్లను తరిమేస్తాడు, ఇట్లాంటోడికి అంగడి ఎట్ల నడుస్తాదో. మనిషి చూస్తే నిచ్చెనకు చొక్కా తొడిగినట్టుండాడు." బేస్‌ను ఎత్తి ఒళ్లో పెట్టుకుని, లావు తీగను ఒకసారి మోగించాడు. "అయినా, చూద్దాం."

ఆ మాటకున్న అసలు విలువ ఆ వాకిట్లో దేవేంద్రకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. లోపలికి వెళ్లిన మంజుల పళ్లెంతో బయటికొచ్చింది. కరివేపాకు చెట్టు వైపు పోకుండా, నాలుగో గ్లాసు తెచ్చి అతని చేతికిచ్చింది.